మనము నిత్యము త్రాగునదేమి?



మనుష్యుడు మహాపాపములకు వెఱచును, అలవాట్లకు వెఱవడు. దొంగతనము, వంచన, హింస మొదలగునవి మన కన్నులకు స్పష్టముగా కనబడును గనుక వానినుండి తొలగి నడచెదము. ప్రాతఃకాలమున, మధ్యాహ్నమున, సాయంకాలమున మన చేతికి వచ్చు గిన్నెయందేమున్నదో మాత్రము విచారింపము. ఒక్క గ్రుక్క యేమి చేయగలదని తలంచెదము. కాని మన జీవితము అప్పుడప్పుడు చేయు గొప్ప కార్యములకంటె దినదినము చేయు చిన్న కార్యములచేతనే యెక్కువగా కట్టబడుచున్నది, వానిచేతనే కూలుచున్నది. కావున నేడు మేము నిత్యపానీయములను గూర్చియు, వాని భారమునంతయు మోయుచున్న కాలేయమను నవయవమును గూర్చియు మీతో ప్రసంగింపదలచితిమి.

ధర్మోపన్యాసమున వైద్యవిషయమేల యని కొందరు శంకింపవచ్చును. ఈ దేహము మనము సంపాదించుకొన్నది కాదు. పరమేశ్వరుడు కొంతకాలము మనయొద్ద నుంచిన సొత్తు. పరుల సొత్తును దాచుకొన్నవాడు దానిని పాడుచేయుట ధర్మవిరుద్ధమని మనమందఱము నొప్పుకొందుము. మఱియు దేహము చెడినప్పుడు బాధపడువాడు దేహి యొక్కడే కాడు. భార్య, బిడ్డలు, వృద్ధులైన తలిదండ్రులు నందఱును బాధపడుదురు. ఒకని గిన్నె యింటిల్లిపాది కన్నీటిగిన్నె యగుచుండగా దానిని గూర్చి ధర్మము మౌనము వహింపదగునా?

కాలేయము కడుపున కుడివైపు ప్రక్కటెముకల మాటున దాగియున్నది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలోగ్రాము. దేహములోపలి యవయవములలో నిదియే మిక్కిలి పెద్దది. మనము తిన్నదియు త్రాగినదియు ప్రేగులనుండి రక్తమున గలసిన పిమ్మట, ఆ రక్తము ముందుగా ద్వారసిర యను నాళముగుండ కాలేయమునకు వచ్చును. ఇంటివాకిట నిలిచిన కావలివానివలె నది వచ్చిన ప్రతివస్తువును పరీక్షించును. చక్కెరను నిలువచేసి, దేహమునకు వలసినపుడు విడుచును. పైత్యరసమును స్రవించి క్రొవ్వును జీర్ణింపజేయును. గాయమైనపుడు రక్తము గడ్డకట్టుటకు వలయు మాంసకృత్తులను తయారుచేయును. విషములను విఱిచి వెలుపలికి పంపును. ఇన్ని పనులు చేయుచు నది మనలను కూలి యడుగదు, ఒక్కదినమైనను సెలవడుగదు.

మఱియొక విశేషము వినుడు. పంటికి నొప్పి కలిగినచో రాత్రి నిద్ర పట్టదు. కంట నలుసు పడినచో నిమిషము నిలువలేము. కాలేయమట్లు కాదు. దాని లోపలి కండకు నొప్పిని తెలుపు నరములు లేవు. పైపొర సాగినపుడు మాత్రమే కొంత బరువు, కొంత నొప్పి తోచును. కొంతభాగము చెడినను మిగిలిన భాగముతో నది పని నెట్టుకొనివచ్చును. కన్నులు పచ్చబడి, కాళ్లు వాచి, కడుపున నీరు చేరి, నెత్తురు వాంతియైనప్పుడు గాని చాలమందికి సంగతి తెలియదు. అప్పటికి వ్యాధి మిక్కిలి ముదిరియుండును. నోరులేని యీ సేవకుని పక్షమున మాటలాడవలసినది మన అంతరాత్మయే. అది మేలుకొనియున్నచో కాలేయము బ్రతుకును. అది నిద్రించినచో చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే మనకు మిగులును.

మొదట మద్యమును గూర్చి విచారింతము. త్రాగిన మద్యసారమును కాలేయము ఎసిటాల్డిహైడను పదార్థముగా మార్చును. పిదప దానిని నిరపాయమైన మఱియొక పదార్థముగా మార్చి దేహమున వ్యయపఱచును. ఈ రెండింటి నడుమనున్న ఎసిటాల్డిహైడు విషము. దినదినము నది పుట్టుచున్నచో కాలేయకణములు గాయపడును. మొదటి దశయందు కాలేయమున క్రొవ్వు చేరును. రెండవ దశయందు వాపు పుట్టును. మూడవ దశయందు మెత్తని కండ యుండవలసినచోట మచ్చవలె గట్టియైన నారకండ యేర్పడును. దీనినే వైద్యులు సిర్రోసిస్ అందురు. మొదటి దశయందు పానము పూర్తిగా మానినచో కొలదివారములలోనే క్రొవ్వు చాలవరకు కరిగిపోవుట కలదు. మూడవ దశయందు మచ్చకట్టిన కండ మునుపటివలె నగుట దుర్లభము. అయినను అప్పుడు మానినవాడు సయితము మానని వానికంటె ఎక్కువకాలము జీవింపగలడు. మంచిదారికి మరలుటకు ద్వార మేనాడును పూర్తిగా మూయబడలేదు. కాని యాలస్యమైనకొలది నది యిఱుకగుచుండును.

"మేము త్రాగుబోతులము కాము, విస్కీ, బ్రాంది ముట్టము, చల్లని బీరు మాత్రము పుచ్చుకొందుము" అని పలుకువారు గలరు. వారితో గలసి మేము చిన్న లెక్క వేయుదుము. మన దేశమున నమ్ముడుపోవు విస్కీ, బ్రాంది, రమ్ములయందు సాధారణముగా నూటికి 42.8 పాళ్లు మద్యసారముండును. 60 మి.లీ. గల పెద్ద పెగ్గునందు సుమారు 20 గ్రాముల మద్యసారము కలదు. నూటికి 5 పాళ్లుగల బీరు 650 మి.లీ. సీసాయందు సుమారు 26 గ్రాములు కలదు. అదే సీసాయందు నూటికి 8 పాళ్లుగల ఘాటుబీరున్నచో సుమారు 41 గ్రాములు. అనగా రెండు పెద్ద పెగ్గులకు సమానము. కాలేయము సీసామీది పేరును చదువదు; లోపలి మద్యసారమునే యెఱుగును. స్త్రీల కాలేయమునకు అదే పరిమాణము పురుషులకంటె నెక్కువ హాని చేయునని కూడ వైద్యశాస్త్రము తెలుపుచున్నది.

"మితముగా త్రాగినచో దోషమేమి?" అని మఱికొందరడుగుదురు. పూర్వమీ ప్రశ్నకు వైద్యులలో భిన్నాభిప్రాయము లుండెను. కాని క్యాన్సరు వ్యాధిని పరిశోధించు అంతర్జాతీయ సంస్థ 1988లోనే మద్యపానీయములను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతియందు చేర్చెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఆరోగ్యమునకు హానిలేనిదని చెప్పదగిన మద్యపరిమాణమేదియు లేదని ప్రకటించెను. తక్కువ త్రాగువానికి తక్కువ యపాయము, ఎక్కువ త్రాగువానికి ఎక్కువ యపాయము. బొత్తిగా త్రాగనివానికి మద్యమువలని యపాయము లేదు. మితమను మాట యెంత ముద్దుగా నున్నను, దాని సరిహద్దును గీయువాడు త్రాగువాడే యని మఱవకుడు. ఆ గీత నిన్న యొక గిన్నెయొద్ద నుండెను. నేడు రెండవ గిన్నెయొద్దకు జరిగెను. రేపెచ్చటికి జరుగునో వానికే తెలియదు.

కల్లు చెట్టునుండి వచ్చునది గనుక మంచిదని మన పల్లెలలో నొక నమ్మకము కలదు. తెల్లవాఱుజామున దింపిన తీయని నీరా వేఱు. ఎండయెక్కిన పిదప పులిసిన కల్లు వేఱు. పులిసినదానియందు మద్యసారము పుట్టును. ఇంతియే కాదు. చెట్ల కల్లు చాలనిచోట నీటియందు క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులను గలిపి కల్లని యమ్ముట తెలంగాణమున పలుమాఱు బయటపడిన విషయము. అట్టిదానికి అలవడిన కూలివాడు ఒక్కదిన మది దొరకనిచో వణకి, కలవరించి, మూర్ఛిల్లి ఆస్పత్రి చేరుచున్నాడు. చెమటోడ్చి సంపాదించిన సొమ్ముతో నతడు కొనుక్కొనుచున్నది విశ్రాంతి కాదు, బానిసత్వము.

ఇంతవఱకు విని, "మేము మద్యమును కన్నెత్తి చూడము" అని సంతోషించువారికిపుడు మేము చెప్పవలసిన మాట యొకటి యున్నది. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని సామెత. మద్యము వీధిదొంగ; చక్కెర యింటిదొంగ. మద్యము చుక్కయైన ముట్టనివారి కాలేయమునందును క్రొవ్వు చేరుచున్నదనియు, అదియు వాపుగా, మచ్చగా ముదిరి సిర్రోసిస్‌కు దారితీయవచ్చుననియు నేటి వైద్యులెల్ల నెఱుగుదురు. స్థూలకాయము, మధుమేహము, మితిమీరిన భోజనము, శరీరశ్రమ లేమి దీనికి ముఖ్యకారణములు. వానికి తోడు తీపిపానీయములు చేయు హాని యింతయంతకాదు. చక్కెరలో సగము ఫ్రక్టోజను పదార్థము. దానిని వ్యయపఱచు పని మిక్కిలి భాగము కాలేయముమీదనే పడును; అవసరమునకు మించి వచ్చినదానిని కాలేయము క్రొవ్వుగా మార్చుకొనును. నమలవలసిన తీపి కొంత తినగానే కడుపు చాలుననును. త్రాగెడు తీపి చాప క్రింది నీరువలె తెలియకుండ లోనికి పోవును.

ఇచ్చటను లెక్క చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో నిట్లుపదేశించెను: పానీయములందును భోజ్యములందును కలుపుకొను చక్కెరయు, తేనె, పండ్లరసములయందలి చక్కెరయు కలిసి, మనము తిను ఆహారశక్తిలో పదవవంతుకు లోబడి యుండవలెను, ఇరువదవవంతుకు, అనగా పెద్దవారికి దినమునకు సుమారు 25 గ్రాములకు తగ్గినచో మఱింత మేలు. అంగడియందు దొరకు 330 మి.లీ. నల్లని సోడాపానీయపు డబ్బాయందు సుమారు 35 గ్రాముల చక్కెర కలదు. ఒక్క డబ్బాతోనే మేలైన హద్దు దాటిపోయెను. నాలుగు మాఱులు టీ త్రాగుచు మాటికి రెండు చెంచాల చక్కెర వేసికొనువానికి సుమారు 32 గ్రాములు. అతడును హద్దు దాటినాడు. పండ్లరసము మంచిదను భ్రమ మఱియొకటి. మూడు నాలుగు బత్తాయిలు పిండినగాని గ్లాసు నిండదు. పిప్పితో బాటు పీచు పోయినది. తీపి మాత్రము మిగిలినది. పండును పండుగా తినుట మేలు.

అట్లయిన నేమి త్రాగవలెను? భగవంతుడు మనకు కొదువ చేయలేదు. మంచినీరు మొదటిది. వెన్న తీసిన పలుచని మజ్జిగ వేసవిలో దాహము తీర్చును. రక్తపుపోటు గలవారు దానియందు ఉప్పు తగ్గించుకొందురుగాక. రాగియంబలి కూలివానికి పానీయమును, ఆహారమును గూడ. కొబ్బరినీటియందు సీసాపానీయములకంటె చక్కెర చాల తక్కువ. శ్రీరామనవమినాటి పానకము సంవత్సరమున కొకమాఱు గనుక దానిని గూర్చి మాకు వివాదము లేదు. పండుగనాటి తీపి ప్రతిదినపు హక్కైనప్పుడే మా వివాదము. కాఫీని గూర్చి యొక మంచిమాట చెప్పవచ్చును. నిత్యము రెండు మూడు గిన్నెల కాఫీ త్రాగువారిలో కాలేయము గట్టిపడుట తక్కువగా నున్నదని అనేక దేశములయందలి పరిశీలనలు తెలిపినవి. అందుచే కాఫీ మద్యమునకు విరుగుడని యెవరును మోసపోరాదు; మూడు చెంచాల చక్కెరతో దాని మేలును చెఱుపరాదు. టీ, కాఫీలు రక్తహీనతగల స్త్రీలు భోజనముతో బాటు త్రాగినచో ఆహారమునందలి యినుము దేహమునకు తక్కువగా నందును. కొంత యెడమిచ్చి త్రాగవలెను.

మంచినీరంటిమి, కాని నీరు మంచిదేనా యని చూచుకొనుటయు ధర్మమే. కామెర్లు కలిగించు సూక్ష్మజీవులలో హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ యనునవి మలముచే చెడిన నీటివలన వ్యాపించును. 1955-56 సంవత్సరములలో ఢిల్లీ నగరమున యమునానదినుండి తెచ్చు నీటిలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు సోకెను. ఆ వ్యాధి హెపటైటిస్ ఈ యని పిమ్మట తేలినది. అది గర్భిణీస్త్రీలకు మిక్కిలి ప్రాణాపాయకరము. అనుమానముగల నీటిని బుడగలు పొరలునట్లు కాచి, మూతపెట్టి చల్లార్చి త్రాగుడు. ఇరుగుపొరుగువారి నూతికడ మురుగు నిలిచినచో "మన నుయ్యి కాదుగదా" యని యూరకుండకుడు. నీటికి జాతి లేదు, గోత్రము లేదు, రోగమునకును లేదు.

కాలేయమును శుద్ధిచేయు రసములని, కషాయములని ప్రకటనలు చూచి మోసపోవువారనేకులు. ఆరోగ్యమైన కాలేయము తన్ను తానే శుద్ధిచేసికొనును. దానికి మనము చేయదగిన సాయము దానిపై భారము తగ్గించుటయే. మహమ్మారి కాలమున తిప్పతీగ కషాయమును విడువక త్రాగిన కొందరి కాలేయమునకు వాపు కలిగినట్లు 2021లో బొంబాయి వైద్యులు ప్రకటించిరి. చెట్టుమందు గనుక కీడుచేయదనుట శాస్త్రము కాదు. వైద్యునకు చెప్పక యే కషాయమును నెలల తరబడి త్రాగరాదు.

ఇపుడు గృహస్థులకు మా మనవి. అతిథి వచ్చినప్పుడు మనము చూపునది ప్రేమ. ఆ ప్రేమకు గుర్తుగా తీపిసీసాను చేతిలోబెట్టి, వలదన్నవానిని బలవంతపెట్టుట మర్యాదయని నేర్చుకొంటిమి. మధుమేహముగల పెద్దవాడు మొగమాటముచే త్రాగి పోవుచున్నాడు. ఇది యాతిథ్యమా? చల్లని మజ్జిగ యిచ్చినచో మన గౌరవము తగ్గునా? పెండ్లిపందిట స్నేహితులు నవ్వుదురని గిన్నె పట్టుకొను యువకుని గూర్చియు నిట్లే విచారింపుడు. వాని చేతికి గిన్నె నందించినవాడు స్నేహితుడు కాడు. "వాడు త్రాగడు, విడువుడు" అని ప్రక్కన నిలిచినవాడే స్నేహితుడు. ఇక బిడ్డలు. మొక్కై వంగనిది మానై వంగునా? చిన్ననాట నీటి రుచి నెఱిగిన నాలుక పెద్దనాట తీపికి దాసి కాదు. తండ్రి సాయంకాలమేమి త్రాగునో బిడ్డ చూచుచునే యుండును. మనము నోటితో చెప్పు నీతి వానికి చెవినపడునో పడదో గాని, మన చేతిలోని గిన్నె మాత్రము వాని కంట తప్పక పడును.

త్రాగుడునకు లోబడినవానిని మాత్రము తిరస్కరింపకుడు. అది పాపమని తిట్టుట సులభము. అది వ్యాధియు నని గ్రహించి చేయూతనిచ్చుట కష్టము. కష్టమైనదియే మన కర్తవ్యము. ఒక్క హెచ్చరిక చేయవలసియున్నది. అనేక సంవత్సరములు విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును. కావున "నేటినుండి చుక్క యియ్యము" అని గదిలో బెట్టి తలుపు వేయుట దయ కాదు. వైద్యునియొద్దకు తోడుకొనిపొండు, మందుల సాయముతో క్షేమముగా మాన్పింపవచ్చును. మానిన పిమ్మట వానిని పాతపేరుతో పిలువకుడు.

ఈ ప్రయత్నము నేటిది కాదు. 1870లో కేశవచంద్రసేనుడు కలకత్తాలో స్థాపించిన సంస్కారసభ మద్యపాన నివారణమునకు ప్రత్యేకశాఖ నేర్పఱచి, మద్యమా విషమా యను నర్థముగల పేరుతో వంగభాషలో పత్రికను నడపెను. మచిలీపట్టణమున 1862లో జన్మించిన రఘుపతి వేంకటరత్నంనాయుడుగారు కాకినాడ కళాశాలయందు విద్యార్థులకు జీవనశుద్ధిని బోధించుచు మద్యపానమును ఖండించిరి. ఇటీవలి కాలమున నెల్లూరు మండలములోని దూబగుంట గ్రామస్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొనుచు తమ కష్టములకు కారణమును గుర్తించి, సారా అంగడిని మూయించిరి. 1992లో ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలింపబడెను. శాసనము వచ్చును, పోవును. ఆ గ్రామస్త్రీలు చదివినది కొలదిపాఠములే. కాని తమ యింట జరుగుచున్న దానిని చూచి నోరువిప్పిరి. అదియే మనము నేర్చుకొనవలసినది.

కావున సోదర సోదరీమణులారా, నేడు గృహమునకు పోయిన పిదప నొక్క పని చేయుడు. ఉదయమునుండి రాత్రివఱకు మీరును మీ బిడ్డలును త్రాగినదానినంతయు నొక కాగితముపై వ్రాసికొనుడు. మద్యమున్నచో దానిని కొట్టివేయుటకు నిశ్చయింపుడు. తీపిసీసా యున్నచో దానికి బదులు నీరు వ్రాయుడు. టీలో రెండు చెంచాలున్నచో ఒకటి చేయుడు. నలువది యేండ్లు దాటినవారును, దేహము స్థూలించినవారును, మధుమేహము గలవారును వైద్యునియొద్దకు పోయి కాలేయమును పరీక్ష చేయించుకొనుడు. చిన్న సవరణయని నవ్వకుడు. కీడు చిన్న గ్రుక్కలుగానే లోపలికి వచ్చినది, మేలును చిన్న గ్రుక్కలుగానే రావలెను.

ఓ కరుణామయా, నోరులేని యవయవములను మాకు సేవకులుగా నిచ్చి, వాని పక్షమున మాటలాడుటకు వివేకమును గూడ నిచ్చితివి. ఆ వివేకము మాలో నిద్రింపకుండ జేయుము. మా గిన్నెలను శుద్ధముగా నుంచుము; మా యిండ్లలో కన్నీరు తుడువుము; పడినవానికి చేయందించు మెత్తని హృదయమును, పడకుండ నిలుచు గట్టి సంకల్పమును మాకు ప్రసాదింపుము.